నెల తప్పడం నుంచి నిశ్చయం దాకా: తొలిమాసాల గర్భజ్ఞానం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గర్భధారణ జరిగిన తొలి వారాలలో ఆ సంగతి ఎవరికి, ఎప్పుడు, ఏ ఆధారంతో తెలుస్తుంది అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు లభించాయి. తెలుగు నుడికారం, ఆయుర్వేద సంహితలు, గృహ్యసూత్రాలు, కావ్యసంప్రదాయం, స్త్రీల పాటలు, వలసపాలన కాలపు న్యాయనిర్ణయం, ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాల పరీక్షలు - వీటి ఆధారంగా ఆ సమాధానాలు మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సందిగ్ధంగా ఉండే తొలి వారాలపై అధికారం ఎవరిదన్నది ఇందులోని కీలకాంశం.

కీలకపదాలు: వేవిళ్లు, దౌహృదం, పుంసవనం, చలిమిడి, శిక్షాస్మృతి, గర్భనిర్ధారణ పరీక్ష.

1. ఉపోద్ఘాతం

ప్రసవం చుట్టూ అల్లుకొన్న ఆచారాల గురించి తెలుగులో విస్తారంగా పరిశోధన జరిగింది. సీమంతం పాటలు, పురిటి పాటలు, లాలిపాటలు, మంత్రసాని వృత్తి మొదలైనవి జానపద పరిశోధకుల దృష్టిని ఆకర్షించాయి. అయితే ఈ పరిశోధనలు చాలావరకు గర్భం పైకి కనిపించే దశ నుంచి ఆరంభమవుతాయి. దానికి ముందున్న రెండు మూడు నెలలు, అంటే స్త్రీకి అనుమానం కలిగి ఇంటికి నమ్మకం కుదరని ఆ కాలం, పరిశోధనలో దాదాపు ఖాళీగా మిగిలింది. ఆచారం లేని చోట ఆధారం కూడా ఉండదన్న భావన ఇందుకు ఒక కారణం కావచ్చు. నిజానికి ఆధారాలున్నాయి. కాకపోతే అవి ఒకే చోట లేవు.

2. నుడికారంలో గర్భం

తెలుగులో గర్భాన్ని నేరుగా చెప్పే మాటలకన్నా చుట్టుతిప్పి చెప్పే మాటలే ఎక్కువ. నెల తప్పింది, నీళ్లోసుకొంది, కడుపుతో ఉంది, వట్టి మనిషి కాదు అనే పలుకుబళ్లన్నీ వాడుకలో ఉన్నవే. చూలు, చూలాలు అనేవి కావ్యభాషలో బాగా నిలిచాయి. ఈ పలుకుబళ్లకు సమానార్థకాలన్న పేరున్నా వీటిలో ఒక కాలక్రమం కనిపిస్తుంది. ‘నెల తప్పడం’ ఒక లోపాన్ని మాత్రమే చెబుతుంది. రావలసినది రాలేదన్నదే దాని అర్థం. కారణం గర్భమే కానక్కరలేదు. ‘వట్టి మనిషి కాదు’ అన్నప్పుడు ఇంటి పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారని తెలుస్తుంది. ‘కడుపుతో ఉంది’ అనేది ఊరికి చెప్పదగిన మాట. నీళ్లోసుకోవడం గర్భధారణ అయితే నీళ్లాడటం ప్రసవించడం. గర్భకాలమంతా రెండు నీళ్ల మధ్య కాలంగా భాష చూసింది.

నెల తప్పిన సంగతి స్త్రీకి మాత్రమే తెలిసే రహస్యమని నేటి పాఠకులకు తోచవచ్చు. బహిష్టు సమయంలో మూడు రోజులు దూరంగా కూర్చోవలసిన కుటుంబాలలో అది సాధ్యం కాదు. కోడలు ఈ నెల దూరంగా కూర్చోలేదన్న విషయం అత్తగారికీ తోడికోడళ్లకూ ఇంట్లో పనిచేసేవారికీ తెలిసిపోతుంది. నాలుగోనాటి స్నానం లేకపోవడమే ప్రకటన. అంటుముట్టు నియమాన్ని శుచిత్వ వ్యవస్థగా విశ్లేషించిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. అది స్త్రీ దేహానికి ఇంటిల్లిపాదీ చదవగలిగే పంచాంగంగా కూడా పనిచేసిందన్న విషయానికి అంత ప్రాధాన్యం లభించలేదు. ఆ నియమం అంత కఠినంగా లేని శ్రామిక కులాలలో, పొలం పనికి పోయే స్త్రీలలో, ఈ సమాచారం స్త్రీ చేతిలో మరికొంత కాలం ఉండే వీలుంది.

లెక్కింపు విషయం కూడా ఇక్కడ ప్రస్తావించాలి. వైదిక సాహిత్యంలో శిశువును దశమాస్యుడుగా, అంటే పది నెలలవాడుగా పేర్కొన్నారు. తెలుగువారు నవమాసాలు మోయడం అంటారు. నేటి వైద్యులు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కిస్తారు. ఇరవై ఎనిమిది రోజుల నెలగా చూస్తే అవి సరిగ్గా పది. సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజుల చాంద్రమాసంగా చూస్తే తొమ్మిదిన్నర. కాబట్టి ఈ మూడు లెక్కల మధ్య కనిపించే భేదం చాలావరకు నెల నిడివిలోని భేదమే. వైద్యుల లెక్కలో ఒక విచిత్రం ఉంది. అందులోని మొదటి రెండు వారాలలో స్త్రీ గర్భవతి కానే కాదు. నెల తప్పిన నాటికే ఆమెకు నాలుగు వారాలు నిండినట్లు రాస్తారు.

3. సంహితలు, సూత్రాలు

గర్భం నిలిచిన వెంటనే కనిపించే లక్షణాలను చరక, సుశ్రుత సంహితలు రెండూ శారీరస్థానంలో చెప్పాయి. నోట నీరూరడం, ఒళ్లు బరువెక్కడం, అవయవాల నీరసం, కునికిపాటు, గుండెలో బాధ, తిన్నట్లుగా తృప్తి వంటివి చరకంలో కనిపిస్తాయి. సుశ్రుతుడు అలసట, దప్పిక, తొడల నిస్సత్తువ మొదలైనవి చెప్పి, తర్వాత దశలో చనుమొనలు నల్లబడటం, నూగారు తేరడం, కారణం లేకుండా వాంతి కావడం, మంచి వాసనలు కూడా సహించకపోవడం వంటి లక్షణాలను చేర్చాడు. వాసన సహించకపోవడాన్ని ప్రత్యేకించి చెప్పడం గమనార్హం. ఈ జాబితా పురుషులు రాసిన గ్రంథంలో ఉన్నా, అందులోని సమాచారం స్త్రీలు చెబితే తప్ప తెలిసేది కాదు.

పిండం రూపుదిద్దుకొనే క్రమంలో మొదటి నెల కలలమనీ రెండో నెల ఘనీభవిస్తుందనీ మూడో నెల అవయవాలు మొలకెత్తుతాయనీ ఈ సంప్రదాయం చెబుతుంది. గర్భోపనిషత్తు, భాగవతం తృతీయస్కంధంలోని కపిలోపదేశం ఇదే భావనను రాత్రుల లెక్కతో మరింత సూక్ష్మంగా విభజించాయి. పోతన భాగవతం ద్వారా ఆ క్రమం వైద్యులు కానివారికి కూడా పరిచయమైంది. అయితే పురాణంలో దాని ప్రయోజనం వేరు. అక్కడ గర్భస్థ జీవుడి యాతన, వైరాగ్యం ప్రధానం. తల్లి అనుభవానికి అక్కడ చోటు లేదు. పిండం గురించి ఇంత వివరంగా చెప్పిన చోట తల్లికి వాంతి అవుతోందన్న మాట కనిపించకపోవడం ఆ గ్రంథాల దృష్టికోణాన్ని పట్టిస్తుంది.

గృహ్యసూత్రాలది మరో దృష్టి. పారస్కరుడు పుంసవనాన్ని పిండం కదలడానికి ముందే, రెండో నెలలోనో మూడో నెలలోనో చేయమన్నాడు. తెలుగు బ్రాహ్మణులలో అధికులు అనుసరించే ఆపస్తంబ సూత్రం మాత్రం సీమంతోన్నయనాన్ని తొలి గర్భం నాలుగో నెలలో చెప్పి, ఆ తర్వాత పుంసవనాన్ని గర్భం వ్యక్తమైనప్పుడు పుష్యమీ నక్షత్రంలో చేయమంది. ఆపస్తంబ క్రమంలో తొలి మూడు నెలలకు ప్రత్యేక కర్మ లేదు. పారస్కర క్రమంలో ఉన్నదీ పుత్రసంతానం కోసమే. లింగం వ్యక్తం కాకముందే క్రియ జరగాలన్న తర్కం చరకంలో స్పష్టంగా ఉంది. ఈ తర్కాన్ని సంస్కృతి వైభవంగా మాత్రమే వర్ణించే ధోరణి నేటి రచనల్లో కొనసాగుతోంది. 1994లో లింగనిర్ధారణ నిరోధక చట్టం చేయవలసివచ్చిన దేశంలో ఆ ధోరణిని అంత తేలికగా తీసుకోలేము.

4. వేవిళ్లు: కావ్యంలో, పాటలో

సంస్కృతంలోని దోహద, దౌహృద పదాలకు తెలుగులో వేవిళ్లు అనే మాటను వాడతారు. సుశ్రుతుని ప్రకారం నాలుగో నెలలో పిండానికి హృదయం ఏర్పడుతుంది, తల్లి రెండు హృదయాలు కలది అవుతుంది, అప్పటి నుంచి ఆమె కోరేవన్నీ బిడ్డ కోరికలు. చరకుడు ఈ ద్విహృదయస్థితిని మూడో నెలలోనే చెప్పాడు. ఆ కోరికలు తీర్చకపోతే అంగవైకల్యంతో బిడ్డ పుడుతుందని సుశ్రుతుని హెచ్చరిక. దోహద శబ్దానికి రెండు హృదయాలన్న వ్యుత్పత్తితోపాటు, ‘దుర్ + హృద్’, అంటే హృదయవికారం అన్న వ్యుత్పత్తిని కూడా పండితులు చెప్పారు. రెండోది ఒప్పుకొంటే మొదట అది వికారానికి పేరై, తర్వాత కోరికకు పేరయిందని భావించాలి. తెలుగు వేవిళ్లు ఈ రెండర్థాలనూ నేటికీ కలిపే మోస్తున్నది. వేవిళ్లతో ఏమీ తినలేకపోతోందంటే వికారం, వేవిళ్లకు పుల్లమామిడి అడిగిందంటే కోరిక. దేహానుభవాన్ని బట్టి చూస్తే తెలుగు మాటే నిజానికి దగ్గర. వికారం సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ఉద్ధృతమై, చాలామందిలో నాలుగో నెలకు తగ్గుతుంది. కోరికలూ ఏవగింపులూ ఆ కాలంలోనే కలగలిసి ఉంటాయి.

కావ్యాలలో దోహదం రాజపత్నుల విషయం. రఘువంశం మూడో సర్గలో సుదక్షిణ మన్ను తింటుంది. పుట్టబోయే కుమారుడు భూమిని అనుభవించబోతున్నాడు కాబట్టి తల్లికి మన్నుమీద రుచి కలిగిందని కాళిదాసు ఉత్ప్రేక్ష. మెతుకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి సంజీవనీ వ్యాఖ్య వల్ల ఈ సర్గ తెలుగునాట సంస్కృతం చదివిన తరతరాల విద్యార్థులకు పాఠ్యమయింది. రక్తహీనత గల గర్భిణులలో మన్ను, బలపం, బియ్యం తినాలన్న కోరిక తరచుగా కనిపిస్తుందని నేటి వైద్యులు చెబుతారు. సామ్రాజ్యసూచనగా కవి చూసినది ఇనుము లోపసూచన కూడా కావచ్చునన్నమాట. ఉత్తరరామకథలో సీత ఆశ్రమాలు చూడాలని కోరడం మరింత ప్రసిద్ధం. ఆ కోరికే ఆమెను అడవిలో వదిలేందుకు మిష అయింది. దోహదం తీర్చడం భర్త ధర్మమన్న నియమాన్ని ఇంత క్రూరంగా తిప్పి వాడుకొన్న సందర్భం మరొకటి కనిపించదు.

స్త్రీల రామాయణపు పాటలలో చిత్రం మారుతుంది. వాల్మీకి బాలకాండలో రాణులు పాయసం స్వీకరించడం, గర్భం ధరించడం, పన్నెండో మాసంలో చైత్ర శుద్ధ నవమినాడు రాముడు పుట్టడం త్వరత్వరగా సాగిపోతాయి. స్త్రీల పాటలకు అంత తొందర లేదు. కౌసల్య వేవిళ్ల పాట అని ప్రత్యేకంగా ఒక పాటే ఉంది. ఆమె నొప్పులనూ అంతే శ్రద్ధతో పాడారు. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ పాటలను విశ్లేషిస్తూ, పండిత రామాయణాలు దాటవేసిన గృహజీవితాన్ని ఇవి కథకు కేంద్రంగా చేశాయని నిరూపించారు. తొలిమాసాల చరిత్ర దృష్టితో ఆ పరిశీలనకు ఒక విషయాన్ని చేర్చవచ్చు. కావ్యంలో దోహదం పుట్టబోయే రాజుకు శకునం. పాటలో వేవిళ్లు కౌసల్యవి. వికారంతో కూలబడిన స్త్రీని నలుగురు స్త్రీలు చుట్టుముట్టి ఏం కావాలని అడగడమే అక్కడ సంఘటన. ఏది అడిగినా తప్పుపట్టని కాలం కోడలికి జీవితంలో బహుశా ఇదొక్కటే. దౌహృద సిద్ధాంతంలోని వైద్యం ఎలాంటిదైనా, అది స్త్రీకి కోరే హక్కును కొన్ని వారాలపాటు ఇచ్చింది. ఆ హక్కు కూడా బిడ్డ పేరిట వచ్చినదే.

5. వేడి, చలవ, గోప్యత

తొలిమాసాల ఆహారనియమాలు వేడి, చలవ అన్న విభజనపై నడుస్తాయి. నువ్వులు, బెల్లం మితిమీరితే వేడి. బొప్పాయి, అనాస మరీ వేడి. ఈ నిషేధాలను అనాదిగా వస్తున్నవని చెప్పడం పరిపాటి. బొప్పాయి, అనాస రెండూ అమెరికా ఖండాలవి. పదహారో శతాబ్దంలో ఐరోపా నావికుల ద్వారా మన దేశానికి వచ్చాయి. కాబట్టి ఈ నిషేధం వయస్సు నాలుగైదు వందల ఏళ్లకు మించదు. కొత్తగా వచ్చిన పండును పాత సిద్ధాంతం తన వర్గీకరణలో చేర్చుకోవడం ఇక్కడి అసలు విశేషం. పచ్చిబొప్పాయి పాలకు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణమున్నదని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచించాయి. బాగా పండిన పండు విషయంలో అలాంటి ఫలితం రాలేదు. ఆచారం మాత్రం పచ్చిది, పండినది అన్న తేడా పాటించదు.

చలవ వైపున నిలిచేది చలిమిడి. నానబెట్టి దంచిన బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసే ఈ వంటకం కడుపు చలవకు సంకేతం. కోస్తా ప్రాంతపు కొన్ని కుటుంబాలలో మూడో నెలలో పుట్టింటివారు తెచ్చే చలిమిడిని దొంగ చలిమిడి అంటారు. తర్వాత నెలల్లో సూడిదలతో, పేరంటంతో ఆర్భాటంగా తెచ్చేదానికి భిన్నంగా ఇది గుట్టుగా సాగుతుంది. తల్లికి తెలిసింది, ఊరికి తెలియకూడదు. ‘దొంగ’ అన్న ఒక్క విశేషణం తొలిమాసాల సామాజిక స్థితిని చెప్పేస్తుంది. దీనిని దిష్టిభయంగా వ్యాఖ్యానించడం సులభం. గుర్తించిన గర్భాలలో పదింట ఒకటికి తక్కువ కాకుండా నిలవవనీ, వాటిలో అత్యధికం మొదటి మూడు నెలల్లోనే పోతాయనీ నేటి వైద్యానికి తెలుసు. ఊరంతటికీ చెప్పుకొన్న తర్వాత గర్భం పోతే ఆ నింద స్త్రీ మీద పడే సమాజంలో, మూడో నెల దాకా గుట్టు పాటించడం భయం కన్నా ముందుచూపు అనడం సమంజసం.

వైద్యుడి పాత్ర ఈ దశలో చిన్నది. నాడి చూసి గర్భం చెప్పడం తెలుగు సినిమా వల్ల స్థిరపడిన దృశ్యం. మణికట్టు పట్టుకొన్న వైద్యుడు చిరునవ్వుతో శుభవార్త చెప్పే ఆ ఘట్టానికి చరక, సుశ్రుతాలలో ఆధారం లేదు. రోగనిర్ణయానికి నాడీపరీక్ష శార్ఙ్గధర సంహిత నుంచే గ్రంథస్థమయింది. ఆంధ్రవైద్యులకు కరదీపికగా నిలిచిన బసవరాజీయం దానిని ఆదరించింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ విషయం అచ్చులోకి వచ్చినప్పుడు దారులు రెండయ్యాయి. 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రికను వెలువరించిన కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యుడు. స్త్రీల వ్యాధుల కోసం ఆయన కేసరి కుటీరం తయారుచేసిన లోధ్ర ఇంటింటి పేరయింది. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఆధునిక వైద్యం చదివి, ప్రసూతి, శిశుపోషణలపై తెలుగులో పుస్తకం రాశారు. అప్పటిదాకా అత్తగారి నుంచి కోడలికి చేరిన జ్ఞానం, చదువుకొన్న స్త్రీకి ఏకాంతంలో చదువుకోదగిన విషయంగా మారింది.

6. ఒక నెల గర్భం న్యాయస్థానంలో

గుట్టు అందరికీ ఒకే విధమైన రక్షణ కాదు. పెళ్లయిన కోడలి వేవిళ్లు ఇంటికి పండుగ అయితే, బాల్యంలోనే భర్తను పోగొట్టుకొన్న యువతికి అవే లక్షణాలు ప్రాణాంతకం. వితంతు గర్భస్రావాలు, శిశుహత్యలు సంస్కర్తల వాదనలో ప్రధానాంశాలు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానికి వెనుక ఈ వాదన కూడా ఉంది.

సరిగ్గా ఆ దశకంలోనే మద్రాసు ఉన్నత న్యాయస్థానం ముందుకు ఆదెమ్మ కేసు వచ్చింది. 1886 నాటి ఈ తీర్పు గర్భస్రావ నేరానికి సంబంధించిన న్యాయగ్రంథాలలో నేటికీ ఉదాహృతమవుతోంది. తనకు తానుగా గర్భస్రావం చేసుకొన్నదని అభియోగం. ఆమె గర్భవతి అయి ఒక్క నెలే అయినందువల్ల, పిండమని గాని శిశువని గాని చెప్పదగినదేదీ లేదని కింది న్యాయస్థానం ఆమెను విడుదల చేసింది. ఉన్నత న్యాయస్థానం ఆ విడుదల చట్టవిరుద్ధమన్నది. గర్భధారణ ఆరంభమైన క్షణం నుంచే స్త్రీ గర్భిణి అనీ, అప్పటి నుంచే శిశువును కాపాడటం ఆమె విధి అనీ నిర్ణయించింది.

ఆదెమ్మ అన్నది తెలుగు పేరు. అంతకు మించి ఆమె ఎవరో ఆ తీర్పును ఉదాహరించే పుస్తకాలు పట్టించుకోవు. చరిత్రకారులకు ముఖ్యమైనది కింది న్యాయస్థానం తర్కం. నెల గర్భాన్ని బిడ్డగా లెక్కించకపోవడం ఆనాటి సామాన్య వ్యవహారానికి దగ్గరగా ఉంది. సంహితల భాషలో అది ఇంకా కలలమే. ఇంటి భాషలో అది ఇంకా నెల తప్పడమే. ‘నెల నిలిచిపోయింది, మందు తీసుకొంది’ అన్న వాక్యంలో వైద్యమెక్కడ ముగుస్తుందో నేరమెక్కడ మొదలవుతుందో ఎవరూ నిర్ధారించలేని కాలమది. గర్భనిర్ధారణకు ఏ పరీక్షా లేని రోజుల్లో, గర్భధారణ క్షణం నుంచీ విధి వర్తిస్తుందని ప్రకటించడం వల్ల న్యాయస్థానం తెలుసుకొనే వీలులేని క్షణాన్ని చట్టపరిధిలోకి తెచ్చింది.

1860 నాటి శిక్షాస్మృతి మాత్రం ఒక పాత భేదాన్ని నిలుపుకొంది. 312వ సెక్షను కింద గర్భస్రావానికి మూడేళ్ల దాకా శిక్ష. కడుపులో బిడ్డ కదలిక వచ్చిన తర్వాత అయితే ఏడేళ్ల దాకా. ఇంగ్లండులో ఈ భేదాన్ని 1837లోనే తొలగించారు. కదలిక తల్లికి మాత్రమే తెలిసేది. తొలి కాన్పులో అది సాధారణంగా ఐదో నెలలో గాని తెలియదు. అంటే శిక్ష తీవ్రత కొంతవరకు స్త్రీ చెప్పే సాక్ష్యం మీద ఆధారపడింది. ఆదెమ్మ తీర్పు ఆ సాక్ష్యంతో నిమిత్తం లేకుండా నేరపు ఆరంభాన్ని వెనక్కు జరిపింది.

7. పరీక్ష, నమోదు

ఆ తర్వాతి కథ ప్రయోగశాలలది. 1920ల చివర బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ గర్భిణి మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాలలో వచ్చే మార్పును బట్టి గర్భాన్ని నిర్ధారించారు. తర్వాత కుందేళ్లు, ఆపై ఆఫ్రికా కప్పలు వచ్చాయి. 1960లో వైడ్, గెమ్జెల్ జంతువుల అవసరం లేని పరీక్షను రూపొందించారు. 1972లో గర్భసంబంధమైన హార్మోనును కచ్చితంగా వేరుచేసి కొలిచే పద్ధతి వెలువడింది. 1980ల చివరికి ఒక పట్టీ మీద గీత చూసి ఇంట్లోనే తెలుసుకొనే సాధనం విదేశీ విపణిలోకి వచ్చింది. నెల తప్పిన మొదటి రోజులలోనే, వేవిళ్లు మొదలు కాకముందే, అత్తగారికి తెలియకముందే స్త్రీకి ఈ జ్ఞానం దక్కే అవకాశం చరిత్రలో మొదటిసారి ఏర్పడింది.

మన దేశంలో ఈ మార్పుకు సమాంతరంగా 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ చట్టం పన్నెండు వారాల దాకా ఒక వైద్యుడి అభిప్రాయం చాలునన్నది. 2021 సవరణ ఆ పరిమితిని ఇరవై వారాలకు పెంచింది. వారాల లెక్కే ఇప్పుడు హక్కుల లెక్క. అయితే చట్టం ఇచ్చినది స్త్రీ కోరికపై మాత్రమే ఆధారపడిన హక్కు కాదు. వైద్యుడు సద్భావంతో ఏర్పరచుకొన్న అభిప్రాయానికి రక్షణ.

ప్రభుత్వం కూడా తొలిమాసాలలో భాగస్వామి అయింది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో భాగంగా ఆశా కార్యకర్తల చేతికి ‘నిశ్చయ్’ పేరుతో పరీక్ష పట్టీలు అందాయి. పన్నెండు వారాలలోపే పేరు నమోదు చేయించడం వారి బాధ్యతల్లో ఒకటి. 2017లో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి వాయిదాను శీఘ్ర నమోదుతో ముడిపెట్టింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కేసీఆర్ కిట్ పథకంలోనూ నమోదే ద్వారంగా ఉండేది. రక్తహీనతను, రక్తపోటును ముందుగా పట్టుకోవడానికి ఇది నిస్సందేహంగా మేలు చేస్తుంది. దొంగ చలిమిడికి ఇందులో చోటు లేదు. మూడో నెల దాకా తల్లీకూతుళ్ల మధ్య దాగిన మాట ఇప్పుడు ఆ నెల నిండకముందే పల్లె నుంచి రాజధాని దాకా చేరే అంకె. ఆ గర్భం నిలవకపోతే, ఆ సంగతి కూడా నమోదవుతుంది.

2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. దాని 88వ సెక్షనులో పాత 312 దాదాపు యథాతథంగా ఉంది. బిడ్డ కదలికకు ముందు మూడేళ్లు, తర్వాత ఏడేళ్లు.